పొట్లంలోని గాలికీ ఒక నంబరుంది

తిరుత్తణి బస్టాండులో కొన్న చిప్స్ పొట్లాన్ని విప్పకుండా సంచిలో వేసుకుని, అదే రోజు తిరుమల కొండెక్కే కుటుంబాలు చాలానే ఉంటాయి. పొద్దున సుబ్రహ్మణ్యస్వామి దర్శనం, సాయంత్రానికి వెంకన్న దర్శనం. కింద మామూలుగా ఉన్న ఆ పొట్లం పైకి చేరేసరికి ఉబ్బి, వేలితో నొక్కితే పగిలేంత బిగువుగా తయారవుతుంది. పెద్దవాళ్లకు అనుమానం వస్తుంది, లోపలిది చెడిపోయిందేమోనని. చెడిపోలేదు. తిరుత్తణి ఊరు సముద్రమట్టానికి వంద మీటర్ల లోపు ఎత్తులో ఉంది. తిరుమల 850 మీటర్లకు పైనే. అంత ఎత్తున బయటి గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది. బయట అదుము తగ్గిన మేరకు లోపలి వాయువు వ్యాకోచిస్తుంది.

ఆ లోపలి వాయువు మనం పీల్చే గాలి కాదు. చాలావరకు శుద్ధమైన నైట్రోజన్. ఉప్పు, కారం, నూనె లాగానే దాన్నీ కొనుక్కొచ్చి, కొలిచి పొట్లంలోకి పంపుతారు. తిండిలో కలిపే రంగులకూ నిల్వ మందులకూ ఉన్నట్టే దానికీ ఒక అంతర్జాతీయ సంఖ్య ఉంది: ఐఎన్ఎస్ 941.

"సగం గాలి నింపి అమ్ముతున్నారు" అన్న మాట ప్రతి అంగడి ముందూ వినిపిస్తుంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. పొట్లం పెద్దదిగా కనిపిస్తే కొనేవాడి చెయ్యి దాని మీదికే పోతుందని తయారీదారులకు తెలుసు. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం పొట్లం మీద నికర బరువు ముద్రించి తీరాలి. వాయువు ఆ బరువులోకి రాదు. కాబట్టి సైజు చూసి కాకుండా గ్రాముల అంకె చూసి కొనడమే కొనేవారికి రక్ష. అయితే ఆ వాయువు ఉత్త మోసమే అయితే దాన్ని తయారుచేయడానికీ నింపడానికీ కంపెనీలు అంత ఖర్చు పెట్టవు. అది చేసే పని వేరే ఉంది.

దీపావళికి చేసిన మురుకులు, నిప్పట్లు డబ్బాలో పోసి మూత బిగిస్తారు. మొదటి వారం కరకర. మూడో వారానికి మూత తీయగానే పాతనూనె వాసన ముక్కుకు తగులుతుంది. పిండి పాడవలేదు, పురుగు పట్టలేదు. నూనెకు ఆక్సిజన్ తగిలింది. నూనెలోని అసంతృప్త కొవ్వు అణువుల మీద ఆక్సిజన్ చేరి పెరాక్సైడ్లు పుడతాయి. అవి విరిగి హెక్సనాల్ లాంటి చిన్న అణువులవుతాయి. ముక్కిన వాసన వాటిదే. ఒక అణువు పాడైతే అది పక్కదాన్ని పాడుచేస్తుంది, అందుకే మొదట్లో నెమ్మదిగా ఉండి తర్వాత ఒక్కసారిగా చెడుతుంది. వెలుతురు తగిలితే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. చిప్స్ పొట్లం లోపలి వైపు వెండిలా మెరిసేది అల్యూమినియం పూత. వెలుతురును, తేమను, ఆక్సిజన్‌ను ఆపడానికే దాన్ని వేస్తారు.

గాలిలో ఆక్సిజన్ 21 శాతం. కార్ఖానాలో పొట్లాన్ని మలిచి, నింపి, అతికించే యంత్రం ఒకటే ఉంటుంది. పై నుంచి దిగే గొట్టం చుట్టూ ఫిలిం చుట్టుకుని సంచి రూపం తీసుకుంటుంది, చిప్స్ జారి పడతాయి, ఆ క్షణంలోనే నైట్రోజన్ వేగంగా దూసుకొచ్చి లోపలి గాలిని బయటికి నెడుతుంది, వెంటనే సీలు పడుతుంది. ఇదంతా ఒక సెకను పని. బాగా నడిచే యంత్రంలో లోపల మిగిలే ఆక్సిజన్ రెండు మూడు శాతానికి మించదు. అంతే కాదు. లారీలో బస్తాల కింద నలగకుండా చిప్స్‌ను కాపాడేదీ ఆ వాయువే. నైట్రోజన్‌కు రుచి లేదు, వాసన లేదు, నూనెతో కలవదు, నీళ్లలో పెద్దగా కరగదు. మనం ప్రతి ఊపిరిలో 78 శాతం పీల్చేదీ అదే. తినేవారికి దానివల్ల హాని లేదు.

తిరుత్తణి చుట్టుపక్కల అంగళ్లలో పారదర్శకమైన పాలిథిన్ కవర్లలో, కొవ్వొత్తి మంట మీద అంచు అతికించి వేలాడదీసే మురుకుల పొట్లాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో ఉండేది మామూలు గాలే. ఆ కవరు గుండా ఆక్సిజన్ కొద్దికొద్దిగా లోపలికి వస్తూనే ఉంటుంది, ఎండ సరేసరి. అదే మురుకు, అదే నూనె. అయినా పెద్ద కంపెనీ పొట్లం నెలల తరబడి నిలుస్తుంది, చేతిపని పొట్లం కొద్ది వారాల్లోనే అమ్ముడుపోవాలి. రుచిలో గెలిచిన మనిషి నిల్వలో ఓడిపోతున్నది ఈ ఒక్క తేడా వల్లే. ఈ వ్యాసానికి అసలు కారణం కూడా ఆ తేడాయే.

వాయువుకు నంబరు ఎందుకు? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో ఏర్పరచిన కోడెక్స్ సంఘం తిండిలో చేర్చే పదార్థాలకు అంతర్జాతీయ సంఖ్యలు ఇచ్చింది. యూరప్‌లో అవే అంకెలు ఇ అక్షరంతో మొదలవుతాయి. ఏదో ఒక పని కోసం కావాలని తిండికి చేర్చిన పదార్థం ఘనమైనా, ద్రవమైనా, వాయువైనా సంకలితమే. ఆ లెక్కన కార్బన్ డయాక్సైడ్ 290. ఆర్గాన్ 938, హీలియం 939, నైట్రోజన్ 941, నైట్రస్ ఆక్సైడ్ 942. బ్యూటేన్, ఐసోబ్యూటేన్ 943 కింద రెండు భాగాలు, ప్రొపేన్ 944. ఆక్సిజన్ 948, హైడ్రోజన్ 949. వీటిలో కొన్ని పొట్లంలో గాలి స్థానాన్ని ఆక్రమిస్తాయి, కొన్ని డబ్బాలోంచి తిండిని బయటికి తోస్తాయి, ఒకటి రెండు ఆ రెండు పనులూ చేస్తాయి.

నంబరుతో పాటు శుద్ధత షరతు కూడా వస్తుంది. తిండికి వాడే నైట్రోజన్ కనీసం 99 శాతం శుద్ధంగా ఉండాలి. అందులో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల వంతుల్లో పదికి మించకూడదు. వెల్డింగు షెడ్డుకు వెళ్లే సిలిండరులో ఏముందో ఎవరూ అంత పట్టి చూడరు. పైకి రెండూ ఒకే రకం ఇనుప సిలిండర్లు. తిండికి వాడేవారు ఆహార శ్రేణి ధ్రువపత్రం అడిగి తీసుకోవాల్సింది అందుకే.

ఈ నైట్రోజన్ గాలి నుంచే వస్తుంది. జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ లిండే 1895లో గాలిని ద్రవంగా మార్చే పద్ధతి సాధించాడు. ద్రవమైన గాలిని మెల్లగా వేడెక్కిస్తే మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్, మైనస్ 186 దగ్గర ఆర్గాన్, మైనస్ 183 దగ్గర ఆక్సిజన్ మరిగి వేరవుతాయి. చిప్స్ కార్ఖానాల్లో చాలావాటికి ఇంత తతంగం అక్కర్లేదు. సన్నటి రంధ్రాల బొగ్గు నింపిన గొట్టంలోకి గాలిని ఒత్తిడితో పంపితే ఆ రంధ్రాల్లో ఆక్సిజన్ చిక్కుకుంటుంది, నైట్రోజన్ దాటి వస్తుంది. యంత్రం పక్కనే యంత్రం, కరెంటు ఒక్కటే ఖర్చు.

చిప్స్ పొట్లాలు రాక ముందే మన దేశంలో ఒక తిండి దినుసు వాయువు మీద ఆధారపడి సముద్రాలు దాటింది. జీడిపప్పు. కేరళలోని కొల్లం నుంచి తొలిరోజుల్లో చెక్కపెట్టెల్లో అమెరికాకు పంపిన పప్పు ఓడ దిగేసరికి పురుగు పట్టి పోయేది. తగరపు డబ్బాలో పప్పు నింపి, గాలి లాగేసి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి మూతి కరిగించి మూసే వీటాప్యాక్ పద్ధతి వచ్చాక ఆ వ్యాపారం నిలదొక్కుకుంది. కార్బన్ డయాక్సైడ్‌లో పురుగు బతకదు, గుడ్డు పగలదు. 25 పౌండ్ల డబ్బా, అంటే 11.34 కిలోలు, జీడిపప్పు వ్యాపారంలో ప్రమాణంగా స్థిరపడింది అప్పటినుంచే. శ్రీకాకుళం జిల్లా పలాస జీడి కార్ఖానాల వాళ్లకు ఈ డబ్బా లెక్క కంఠతా వచ్చు. విషపు పొగ పెట్టకుండా పురుగును ఆపిన ఆ పద్ధతి ఎన్ని కుటుంబాలకు కూలి నిలిపిందో ఆలోచిస్తే, ఒక వాయువుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదనిపిస్తుంది.

అదే కార్బన్ డయాక్సైడ్‌ను సామాన్యుడు పేరు పెట్టి, డబ్బిచ్చి, అడిగి తాగేది మాత్రం గోలీసోడాలో. ఆడికృత్తిక పండుగ నాటి తిరుత్తణిని చూసినవారికి గోలీసోడా కొట్టే శబ్దం గురించి చెప్పక్కర్లేదు. భుజాన కావడి మోసి, 365 మెట్లు ఎక్కి దిగిన గొంతుకు సోడా కావాలి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉంది, ఆ తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా తెలుగు, అరవం రెండూ ఆ ఊరి అంగళ్లలో కలిసే వినిపిస్తాయి, సోడా మాత్రం రెండింటిలోనూ సోడాయే.

గోలీసోడా సీసాను 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంట్ చేశాడు. మెడ దగ్గర నొక్కు, లోపల గాజు గోలీ, మూతి దగ్గర రబ్బరు వలయం. సీసాను యంత్రంలో తలకిందులుగా బిగించి, నీళ్లు, వాయువు ఎక్కించి తిప్పుతారు. లోపలి వాయువు ఒత్తిడికి గోలీ వచ్చి రబ్బరుకు అతుక్కుంటుంది. అంటే ఆ సీసాకు మూత వేసేది వాయువే. అంతకు వందేళ్ల ముందు, 1767లో, లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ బీరు తొట్టెల పైన తేలే వాయువును నీళ్లలోకి పట్టి సోడా నీళ్లు చేశాడు. అది మన దగ్గరికి ఇంగ్లీషు దొరల వెంట వచ్చింది.

తెలుగునాట ఆ కథకు చిరునామా రామచంద్రపురం. గోదావరి ప్రాంతంలోని ఆ ఊళ్లో అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన పానీయం తర్వాత ఆర్టోస్ పేరుతో స్థిరపడింది. నూరేళ్లు దాటినా ఇంకా అమ్ముడవుతోంది. తిరుత్తణికి పడమటన వేలూరులో కన్నుసామి మొదలియార్ 1924లో కన్నన్ అండ్ కంపెనీ పెట్టి గోలీసోడాను తమిళనాట నిలబెట్టారు. ఇక 2025లో కేంద్ర వాణిజ్యశాఖ కింది ఎగుమతుల సంస్థ అపెడా గోలీసోడాను కొత్త పేరుతో గల్ఫ్, ఐరోపా, అమెరికా మార్కెట్లకు పంపడానికి తోడ్పడింది. గల్ఫ్‌లో పనిచేసే తెలుగు, తమిళ కూలీలు అక్కడి సూపర్‌మార్కెట్లో ఆ సీసాను చూసి ఆగిపోయారంటే ఆశ్చర్యం లేదు.

సోడాలో వాయువు చేసేది చురుకు పుట్టించడం ఒక్కటే కాదు. నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లంగా మారి పులుపు తెస్తుంది, గాలి కావాల్సిన సూక్ష్మజీవులను ఎదగనివ్వదు. లీటరు సోడాలో మూడు నాలుగు లీటర్ల వాయువు కరిగి ఉంటుంది. బ్రెడ్డు, చీజు, కేకుల పొట్లాల్లో బూజు రాకుండా నైట్రోజన్‌తో పాటు దీన్నీ కలుపుతారు. ఇందులో ఎక్కువ భాగం అమ్మోనియా ఎరువుల కర్మాగారాల్లో, సారా బట్టీల్లో ఉప ఉత్పత్తిగా వస్తుంది. ఈ సంగతి ఎంత పెద్దదో 2021 సెప్టెంబరులో బ్రిటన్‌కు తెలిసివచ్చింది. సహజవాయువు ధర పెరిగి రెండు ఎరువుల కర్మాగారాలు ఆగిపోయాయి. వాటితోపాటే మాంసం పొట్లాలు కట్టే పని, కోళ్లను కోసే పని, పానీయాల పని చిక్కుల్లో పడ్డాయి. చివరికి ప్రభుత్వమే డబ్బు పెట్టి వాటిలో ఒక కర్మాగారాన్ని మళ్లీ నడిపించాల్సి వచ్చింది. ఎరువు లేక పంట ఆగడం విన్నాం. ఎరువు కర్మాగారం ఆగి మాంసం ఆగడం అక్కడివాళ్లూ ఊహించలేదు.

మాంసం దగ్గర లెక్క తలకిందులు. చిప్స్‌కు శత్రువైన ఆక్సిజన్‌ను పచ్చి మాంసం పొట్లంలో కావాలని 70, 80 శాతం నింపుతారు, మిగతాది కార్బన్ డయాక్సైడ్. మాంసంలోని మయోగ్లోబిన్‌కు ఆక్సిజన్ తగిలితేనే ఎర్రగా కనిపిస్తుంది, అది లేకపోతే ఊదారంగుకు తిరుగుతుంది, కొనేవారు వెనక్కి పెడతారు. చేప సంగతి ఇంకా సున్నితం. ఆక్సిజన్ పూర్తిగా తీసేస్తే గాలి అక్కర్లేని బాట్యులినం సూక్ష్మజీవికి అది అనువైన చోటు. దాని విషం ప్రాణాంతకం, వాసన కూడా రాదు. అలాంటి పొట్లాలు సుమారు 3 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో అంగడివాడు ఆ పొట్లాన్ని రాత్రి ఫ్రిజ్ ఆపి, పొద్దున వేసి అమ్మితే వాయువు కాపాడలేదు. యూరప్‌లో ఇలాంటి పొట్లాలన్నిటి మీదా రక్షిత వాతావరణంలో ప్యాక్ చేశామని రాయడం తప్పనిసరి. చదివేవారికి ఆ ఒక్క వాక్యం చాలు.

చిత్తూరు, తిరుపతి, తిరువళ్లూరు జిల్లాల వారికి మరీ దగ్గరైన వాయువు ఇంకొకటి ఉంది. పొట్లంలోకి కాదు, మామిడి గోదాముల్లోకి ఎక్కేది. పండు తానుగా ఇథిలీన్ విడుదల చేసి మాగుతుంది. పచ్చికాయను గదిలో పెట్టి తగిన మోతాదులో ఇథిలీన్ పంపితే అదే పని త్వరగా, సమంగా జరుగుతుంది. దానికి బదులు కొందరు వ్యాపారులు కాల్షియం కార్బైడ్ రాళ్లు పొట్లం కట్టి గంపల మధ్య పెట్టేవారు. తేమ తగిలితే అది ఎసిటిలీన్ వదులుతుంది, దానితోపాటు రాయిలోని మలినాల నుంచి ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలిసిన విషవాయువులూ వస్తాయి. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతుల దాకా ఇథిలీన్ వాడకానికి అనుమతించింది. రైతుకూ, తినేవారికీ ఇద్దరికీ పనికొచ్చే మార్గం అది. ఇథిలీన్ గది కట్టే స్తోమత లేని చిన్న వ్యాపారికి దగ్గరలో మార్కెట్ యార్డు గది అందుబాటులో ఉంటేనే కార్బైడ్ నిజంగా పోతుంది. నిషేధం ఒక్కటే పోగొట్టలేదు.

ఇక డబ్బాలోంచి తిండిని తోసే వాయువులు. పుట్టినరోజు కేకు మీద ముక్కు తెరిచి బుస్సుమని పిండే క్రీము డబ్బాలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. 1948లో అమెరికాలో ఆరన్ లాపిన్ రెడ్డి-విప్ పేరుతో ఆ డబ్బాను బజారులోకి తెచ్చాడు. అన్ని వాయువులుండగా అదే ఎందుకంటే, ఒత్తిడిలో అది క్రీములోని కొవ్వులో బాగా కరుగుతుంది. మీట నొక్కి ఒత్తిడి తీసేయగానే క్రీము లోపల ఎక్కడికక్కడ బుడగలై ఉబ్బుతుంది, పరిమాణం మూడు నాలుగింతలవుతుంది. నైట్రోజన్ అలా కరగదు. కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది కానీ క్రీమును పులిపిస్తుంది.

నవ్వు వాయువు అని పేరున్నదీ ఇదే. 1799 ప్రాంతంలో హంఫ్రీ డేవీ పీల్చి చూశాడు, తర్వాత పళ్ల వైద్యులు, శస్త్రచికిత్సల వైద్యులు వాడుకున్నారు. ఇప్పుడు విదేశాల్లో కుర్రవాళ్లు క్రీము కోసం అమ్మే చిన్న గుళికలు కొని బెలూన్లలోకి ఎక్కించి పీలుస్తున్నారు. ఈ వాయువు ఒంట్లోని బి12 విటమిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. నరాల మీది పొర దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, కొందరికి నడకే పోతుంది. బ్రిటన్ 2023 నవంబరు 8 నుంచి మత్తు కోసం దాన్ని దగ్గర పెట్టుకోవడం నేరం చేసింది. లండనుకూ లీసెస్టరుకూ చదువులకు వెళ్లే మన పిల్లల్లో గుడ్డు, మాంసం ముట్టని ఇళ్లవాళ్లు చాలామంది. శాకాహారుల్లో బి12 ముందే తక్కువ. వాళ్లకు ఈ సరదా ఇంకా ప్రమాదకరం. ఆ పిల్లల తల్లిదండ్రులు ఈ పేరు తెలుసుకుని, ఫోనులో ఒకసారి దాని గురించి మాట్లాడాలి. కేకు మీది క్రీముకు మాత్రం భయపడనక్కర్లేదు. అది ప్లేటులోకి వచ్చేసరికే వాయువు చాలావరకు గాలిలో కలిసిపోతుంది.

దోసె పెనం మీద నూనె చల్లే స్ప్రే డబ్బాలు పెద్ద ఊళ్ల సూపర్‌మార్కెట్లలో దొరుకుతున్నాయి. వాటిలో కొన్నిటిలో తోసే వాయువు బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్. వంటింట్లో 14.2 కిలోల ఎర్ర సిలిండరులో ఉండేదీ ఈ కుటుంబమే. సిలిండరు గ్యాసుకు లీకు తెలియడానికి దుర్వాసన కలుపుతారు, తిండికి వాడేదానికి కలపరు. నూనె పెనం మీద పడగానే వాయువు ఆవిరైపోతుంది, తినేవారి కడుపులోకి వెళ్లేది ఏమీ ఉండదనే చెప్పాలి. కానీ వెలుగుతున్న పొయ్యి మీద ఆ డబ్బా పట్టుకుని పిచికారీ కొట్టడం, స్టవ్వు పక్కన వేడిలో పెట్టడం నిజమైన ముప్పు. యూరప్‌లో నూనె స్ప్రేలలో ఈ వాయువులను వృత్తి వంటవారికే అనుమతించారు. పిచికారీ పంపు ఉన్న మామూలు సీసా అదే పని చేస్తుంది, మంట భయం లేదు. ఒకప్పుడు ఈ పనికి ఫ్రియాన్లు కూడా వాడేవారు, వాటికీ 940, 945, 946 అని సంఖ్యలుండేవి. ఓజోన్ పొరకు చిల్లు పెట్టేది క్లోరిన్ ఉన్న ఫ్రియాన్లేనని తేలి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక అలాంటివి బజారు నుంచి తప్పుకున్నాయి.

ఇంతవరకు చెప్పిన వాయువుల్లో తినేవారి ప్రాణం మీదికి తెచ్చినవి పొట్లంలోవి కావు. పెళ్లిళ్లలో, ఎగ్జిబిషన్లలో వేడుక కోసం వాడినవి. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన బిస్కెట్టు నోట్లో వేసుకుంటే ముక్కులోంచీ నోట్లోంచీ పొగ వస్తుంది. పిల్లలు ఎగబడతారు. ఆ ద్రవం మైనస్ 196 డిగ్రీలు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. కొన్ని చుక్కలు గొంతు దిగినా కడుపు గోడ గడ్డకట్టి, లోపల ఉబ్బిన వాయువుకు చిరిగిపోవచ్చు.

ఇది ఊహ కాదు. 2012లో ఇంగ్లండులోని లాంకస్టర్‌లో 18 ఏళ్ల అమ్మాయి అలాంటి పానీయం తాగాక డాక్టర్లు ఆమె కడుపు తీసేయాల్సి వచ్చింది. 2017లో గురుగ్రామ్‌లో ఒక యువకుడి కడుపుకు చిల్లు పడింది, హరియాణా ప్రభుత్వం తిండిలో, పానీయాల్లో ద్రవ నైట్రోజన్‌ను నిషేధించింది. 2024 మార్చిలో అదే గురుగ్రామ్‌లో భోజనం తర్వాత ఇచ్చిన డ్రై ఐస్‌ను నోరు శుభ్రం చేసే పలుకులనుకుని తిన్న ఐదుగురు రక్తం కక్కుకున్నారు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు. కొద్ది వారాలకే కర్ణాటకలోని దావణగెరె ఎగ్జిబిషన్‌లో పొగ బిస్కెట్టు తిన్న పిల్లాడు అల్లాడిపోతున్న వీడియో దేశమంతా చూసింది. ఆ తర్వాత తమిళనాడు ఆహార భద్రతా శాఖ అధికారులను తనిఖీలకు పంపింది. తిండితోపాటు ద్రవ నైట్రోజన్‌ను నేరుగా వడ్డిస్తే చర్య తప్పదని హెచ్చరించింది. కర్ణాటక కూడా నిషేధం ప్రకటించింది. ఐస్‌క్రీమును గడ్డకట్టించడానికి ద్రవ నైట్రోజన్ వాడటం తప్పు కాదు. అది పూర్తిగా ఆవిరైపోయాక మాత్రమే తిండి మనిషి చేతికి రావాలి. పొగ వస్తోందంటే ఇంకా ఆవిరవలేదనే అర్థం. తిరుత్తణి, నగరి, పుత్తూరు కళ్యాణ మండపాల్లో ఈ కౌంటరు పెడతామని కేటరింగువాళ్లు అడిగితే పెళ్లివారు వద్దని చెప్పవచ్చు. పెళ్లికి దానివల్ల తగ్గేదేమీ లేదు.

మరొక ప్రమాదం తినేవారిది కాదు, పొట్లం కట్టేవారిది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2021 జనవరి 28న అమెరికాలోని జార్జియాలో కోడిమాంసం గడ్డకట్టించే కర్మాగారంలో ద్రవ నైట్రోజన్ లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. నైట్రోజన్ విషం కాదు, కానీ గదిలో నిండితే ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. మనిషికి ఊపిరాడని బాధ తెలిసేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. నైట్రోజన్ పీలుస్తున్న మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను మామూలుగానే బయటికి వదులుతుంటాడు. అందుకని ఉక్కిరిబిక్కిరి అవడు, దగ్గడు, పరుగెత్తడు. ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన చోట కొద్ది ఊపిరుల్లో కూలిపోతాడు. పడిపోయినవాడిని లేపడానికి లోపలికి వెళ్లినవాడూ అలాగే పడతాడు.

ఈ ప్రమాదం ఇప్పుడు మన ఇళ్ల పక్కకు వస్తోంది. చిన్న తినుబండారాల తయారీదారులకు కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ దొరుకుతోంది. మైసూరులోని సీఎఫ్‌టీఆర్ఐ, తంజావూరులోని నిఫ్టెమ్ లాంటి సంస్థలు తయారీలోనూ ప్యాకింగులోనూ శిక్షణ ఇస్తున్నాయి. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు చేసే మురుకులు, నిప్పట్లు, కారప్పూస కొవ్వొత్తి సీలు దాటి నైట్రోజన్ పొట్లంలోకి వెళ్లగలిగితే, తిరుత్తణిలో చేసినది రెండు నెలల తర్వాత హైదరాబాదులో కూడా కరకరలాడుతుంది. వాళ్ల శ్రమకు తగిన ధర వస్తుంది. అది జరగాలి.

అయితే నైట్రోజన్ సిలిండరు మామూలుగా 47 లీటర్లది, అందులో బిగించి ఉండేది దాదాపు 7 ఘనమీటర్ల వాయువు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గదిలో పట్టేది 28 ఘనమీటర్ల గాలి. కిటికీలు మూసిన అలాంటి గదిలో ఒక సిలిండరు పూర్తిగా లీకైతే ఆక్సిజన్ 21 నుంచి 16 శాతానికి పడిపోతుంది. రెండు లీకైతే 13 దగ్గరికి వస్తుంది. పని చేసే చోట 19.5కు తగ్గకూడదన్నది అంగీకరించిన హద్దు. కాబట్టి సిలిండరు గది బయట, నీడలో, గొలుసుతో నిలబెట్టి కట్టాలి, సన్నని గొట్టం మాత్రమే గోడలోంచి లోపలికి రావాలి. ప్యాకింగు జరిగినంతసేపూ ఎదురెదురు కిటికీలు తెరిచి ఉండాలి. ఆక్సిజన్ తగ్గగానే కూత పెట్టే చిన్న మీటరు యంత్రం పక్కన గోడకు ఉండాలి. సబ్సిడీ కోసం బ్యాంకుకు ఇచ్చే అంచనా కాగితంలో మురుకుల గొట్టం, నూనె మూకుడు, సీలింగు యంత్రం రాసే సంఘాలు ఆ మీటరు పేరు కూడా మొదటి పేజీలోనే రాయాలి.